మేకు దిగిన డబ్బా

నాలుగున్నరకే లేస్తాను.
పరగడుపున ఉన్నవాళ్ళ ఇళ్ళకి
టీ నీళ్ళ కంటే ముందు చేరాలి నేను.
మధురవాడలో ఒక షుగరు, ఎండాడలో ఒక థైరాయిడు,
హనుమంతవాక దాటాక నెలలు నిండుతున్న పిల్ల.
ఎనిమిదింటికల్లా ఐసు పెట్టెలో అందరి నెత్తురూ
డాబాగార్డెన్స్ ల్యాబుకి.

బండి మాత్రం ఏ పరగడుపూ ఎరగదు.
మొన్న సింహాచలం కొండెక్కుతుంటే
రెండో మలుపులో గొంతు మార్చింది.
దగ్గు కాదు, గొణుగుడు.

కంచరపాలెం, రైలు పట్టాల పక్క సందు.
నూకరాజు డిప్‌స్టిక్కు మర తిప్పి తీసి
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు
మా అమ్మ పాకం తీగ చూసినట్టు.
"ఇది ఆయిలేనేటి మేడమ్?
బీచ్‌లో బజ్జీలోడు మూడ్రోజులు మరగేసి
పారబోసింది నయం."

బల్ల మీద రెండు డబ్బాలు.
ఒకటి నాలుగొందల ఇరవై.
రెండోది సింథటిక్, తొమ్మిదొందల ఎనభై.
ఇంటికి పాతిక నాకు.
ఇరవై రెండు నరాలు వెతికితే గానీ తేడా పూడదు,
ఆపైన ఇంకో పది రూపాయలు.

మా ఆయన టాక్సీకి పొయ్యగా
లీటరు మిగిలింది ఇంట్లో, అదీ సింథటిక్కే,
అది పోసెయ్యకూడదా అన్నాను.
నూకరాజు నవ్వలేదు.
"కారు క్లచ్చు పొడిగా కూకుంటాది.
బండి క్లచ్చు నూనెలోనే మునిగి బతుకుతాది.
ఆ నున్నటిది దీనికి పోస్తే
ఇంజను అరుస్తాది, చక్రం కదల్దు.
కొంచెం పట్టుండాల గదా మేడమ్."
చర్మం కింద సూదికి దొరక్కుండా
పక్కకి జారిపోయే ముసలి నరాలు గుర్తొచ్చాయి.

మందుసీసా వెనక చదివే అలవాటు కొద్దీ
డబ్బా వెనక చదివాను.
పది, డబ్ల్యూ, ముప్పై.
డబ్ల్యూ అంటే చలికాలమట.
విశాఖలో చలికాలమెక్కడిది?
"తెల్లారగట్ల మీరు కొట్టే మొదటి కిక్కే చలికాలం.
రాత్రంతా కిందికి దిగిపోయిన నూనె
పైకెక్కేలోగా ఇనుం ఇనుంతో రాసుకుంటాది.
మంచి నూనె తొరగా ఎక్కుతాది, అంతే.
అరుగుదలంతా ఆడే మేడమ్."

మెట్లు దిగుతూ
నేను మోకాలు పట్టుకునేదీ ఆ వేళకే.
పర్సు తీశాను.
ఒకసారి మూశాను.
మళ్ళీ తీశాను.

పాతది కారింది,
పోర్టు బొగ్గుగుట్టల మీది గాలి
వానలో తడిసి గోడ దిగినట్టు.
కొత్తది తేనె రంగు,
లోపలికి పోతూ చప్పుడే చెయ్యలేదు.

ఖాళీ డబ్బా ఫినాయిలుకి పనికొస్తుందని
చెయ్యి చాపాను.
ఇవ్వలేదు.
కింద పడేసి, కాలితో అదిమి,
మేకు పెట్టి రెంచితో ఒక్క దెబ్బ.
అటునుంచి ఇటు దిగింది.

"పాత సామానోడు దీనికి నలభై ఇస్తాడు.
ఆడి దగ్గర ఇంకోడు కొంటాడు.
మళ్ళీ ఇదే మూత, ఇలాంటి సీలే,
లోపల మాత్రం
ఇందాక మీ బండిలోంచి కారిందే."
చేతులు తుడుచుకుని
పక్క బండి దగ్గరికి పోయాడు
నలభై రూపాయల సంగతి మర్చిపోయి.

నా సంచిలో చిన్న కట్టరుంది.
ప్రతి గుమ్మంలో, బయల్దేరే ముందు,
ఎవరూ చూడకపోయినా
వాడిన సూది మొన తుంచేస్తాను.
ఆ మాట అతనికి చెప్పాలనిపించింది.
చెప్పలేదు.

ఇవాళ నాలుగున్నరకి, మామూలుగానే, చలికాలం.
ఐసు పెట్టె తాడు బిగించి
కిక్కు కొట్టి, గేరు వెయ్యకుండా ఆగాను.
మూడు. నాలుగు.
ఎండాడ వైపు ఇంకా చీకటి.
అయిదు.